“ఏం చదువుతున్నవ్?” – జోగిపేట, 1930

పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్ళకి ఒక రోగం ఉంటుంది. ఎదుటివాడి చేతిలో పుస్తకం కనబడితే చాలు, మెడ పక్కకి వంచి మరీ అట్ట మీద పేరు చదివేస్తారు. బస్సులో అయినా, ఆఫీసు క్యాంటీన్లో అయినా, ఆఖరికి డాక్టరు దగ్గర లైన్లో కూచున్నా సరే. పేరు తెలిసిన పుస్తకమైతే “అది బాగుంటుందండీ, ఇంకోటి కూడా చదవండి” అని పరిచయం లేకపోయినా సలహా పారేస్తారు. నాకూ ఉంది ఆ రోగం. మీకూ ఉండే ఉంటుంది, లేకపోతే ఇంత పొడుగు వ్యాసం మొదలుపెట్టేవారు కాదు :)

ఇదంతా తీరుబడిగా ఉన్నవాళ్ళ సరదా అని చాలామంది అనుకుంటారు. మా ఊరి చరిత్ర చదివాక నాకలా అనిపించడం మానేసింది. ఒకప్పుడు ఇక్కడ మనుషులు ఒకర్నొకరు వెతికి పట్టుకున్నదే ఈ “ఏం చదువుతున్నవ్?” అనే ప్రశ్నతో. ఆ కథ చెబుదామనే ఇది.

మా ఊరు జోగిపేట. హైదరాబాదు నుంచి వస్తే పటాన్‌చెరు ఫ్యాక్టరీలు దాటి, సంగారెడ్డి దాటి, నాందేడ్ రోడ్డు పట్టుకుని రావాలి. 2016 దాకా మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. ఊరి పేరు చెబితే మా ఆఫీసులో సగం మందికి తెలీదు. తెలిసినవాళ్ళు “ఒకప్పుడు బాబూమోహన్ నియోజకవర్గం కదా” అంటారు, ఇంకొందరు “సింగూరు డ్యాం అటే కదా” అంటారు. రెండూ నిజమే. కానీ చరిత్ర పుస్తకాల్లో మా ఊరికి చోటు దొరికింది వేరే కారణానికి. 1930 మార్చి 3, 4, 5 తేదీల్లో మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ జోగిపేటలో జరిగింది. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి.

(ఇక్కడ ఒక్క మాట. ‘ఆంధ్ర’ అని చూడగానే ఇప్పటి రాజకీయాలు తెచ్చి అతికించకండి. అప్పుడు హైదరాబాదు సంస్థానంలో తెలుగువాళ్ళు తమని తాము ఆంధ్రులమనే చెప్పుకునేవాళ్ళు. భాష పేరది.)

గ్రూప్స్‌కి ప్రిపేరయ్యేవాళ్ళకి ఈ తేదీ, అధ్యక్షుడి పేరు నోటికొచ్చేసి ఉంటాయి. నా అనుమానం తేదీ గురించి కాదు. రైలు కూడా లేని ఈ పేటకి, వేరే వేరే జిల్లాల్నుంచి అంతమంది ఎట్లా వచ్చారు? అప్పట్లో నిజాం సర్కారుది ‘గస్తీ నిశాన్ 53’ అని ఒక సర్క్యులర్ ఉండేది. నలుగుర్ని పోగేసి సభ పెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. తెలుగులో పత్రికలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కోర్టులో ఉర్దూ, కచేరీలో ఉర్దూ, 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీలోనూ ఉర్దూనే. అలాంటి చోట నల్గొండలో ఒక వకీలుకి, వరంగల్‌లో ఒక పంతులుకి, జోగిపేటలో ఒక కోమటి సేటుకి ఒకరి ఊసు ఒకరికి ఎవరు చెప్పారు?

నాకు దొరికిన జవాబు, లైబ్రరీలు. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, లైబ్రరీల్లో కూచుని ఒకరికొకరు పుస్తకాలు చెప్పుకున్న మనుషులు.

మొదలు 1901 సెప్టెంబరు 1. హైదరాబాదు రాంకోఠీలో రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం పెట్టారు. వెనకాల ఉన్నది ఆయన, మునగాల రాజా నాయని వెంకటరంగారావు, ఆ రాజా దగ్గర దివానుగా పనిచేసే కొమర్రాజు వెంకట లక్ష్మణరావు. తరవాత 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వచ్చాయి. పేర్లు చూడండి, రాజుల పేర్లు పెట్టుకున్నారు. భాషకి గతంలో ఒక గొప్ప ఉంది అని గుర్తుచేసుకోవడం అన్నమాట. రాజుల పేరు పెడితే సర్కారుకీ కంటగింపుగా ఉండదు కదా అని నా అనుమానం కూడా.

కొమర్రాజు గారి గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఉన్న పుస్తకాలు చెప్పుకుంటే సరిపోదని ఆయనకి తొందరగానే అర్థమైంది. “ఫలానాది చదవండి” అని చెప్పడానికి తెలుగులో ఆ ‘ఫలానాది’ ఉండాలిగా! పద్యకావ్యాలున్నాయి, పురాణాలున్నాయి. చరిత్ర, సైన్సు, దేశదేశాల మనుషుల జీవితాలు, ఇవేవీ లేవు. అందుకని 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి మొదలుపెట్టారు. మొదటి పుస్తకం ఏమిటో తెలుసా? అబ్రహాం లింకన్ చరిత్ర. రాసింది గాడిచర్ల హరిసర్వోత్తమరావు. బానిసత్వం రద్దు చేసినవాడి కథతో మొదలుపెట్టడం ఊరికే జరిగి ఉండదు. చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ కూడా ఈ మండలి వేసిందే, 1910లో. మండలి 1908లో మద్రాసుకి మారింది గానీ, మొలకెత్తింది మాత్రం హైదరాబాదులోనే.

అవతల కోస్తాలో ఈ పని ఇంకా జోరుగా సాగింది. 1914లో బెజవాడలో మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. 1935లో పాతూరి నాగభూషణం గారైతే కాలవలో పడవ మీద లైబ్రరీ నడిపారు, పెదవడ్లపూడి నుంచి కొల్లిపర దాకా. పడవలో కూచున్నవాళ్ళకి రేవు వచ్చేదాకా చదువుకోవడానికి పుస్తకం! మన మెట్రోలో ఇలాంటిది పెడితే ఎంత బాగుండేదో. సరే, అక్కడ ఇబ్బందులు వేరు, ఇక్కడ వేరు. మన కథలోకొద్దాం.

1921 నవంబరు. హైదరాబాదు వివేకవర్ధినిలో సంఘసంస్కార మహాసభ. మహర్షి కార్వే అధ్యక్షుడు. ఇంగ్లీషులో మాట్లాడారు, ఉర్దూలో మాట్లాడారు, మరాఠీలో మాట్లాడారు, అందరూ విన్నారు. ఆలంపల్లి వెంకట రామారావు అనే వకీలు లేచి తెలుగులో మొదలుపెట్టగానే గోల, ఈలలు, చప్పట్లు. మాట్లాడనివ్వలేదు. ఆ అవమానం మింగుడుపడని కొద్దిమంది ఆ రాత్రే టేకుమాల రంగారావు గారింట్లో చేరారు. (ఆ ఇంటిపేరు చూడగానే నాకు మా జోగిపేట పక్కనున్న టేక్మాల్ గుర్తొచ్చి ఒళ్ళు పులకరించింది, అదొక పిచ్చి.) అక్కడే ఆంధ్ర జనసంఘం పుట్టింది.

అవమానపడ్డవాళ్ళు ఏం చేస్తారు? మనమైతే ఘాటుగా నాలుగు పేరాలు రాసి నిద్రపోతాం. వాళ్ళు పెట్టుకున్న పనుల జాబితాలో ముందు వరసలో ఉన్నవి: గ్రంథాలయాలు, పఠన మందిరాలు, పాఠశాలలు పెట్టడం, తాళపత్రాలు, శాసనాలు సేకరించడం. ఈ సంఘాన్ని ఏళ్ళ తరబడి మోసింది మాడపాటి హనుమంతరావు గారు. ఆయన రాసిన ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’ చదివితే తెలుస్తుంది, ఎంత ఓపిక ఉండాలో ఈ పనికి. ఉత్తరాలు, అర్జీలు, మళ్ళీ ఉత్తరాలు. ఉపన్యాసాలు దంచే రకం మనిషి కాదు.

నాకు అన్నింటికన్నా నచ్చిన సంగతి ఇక్కడే ఉంది. ఆంధ్ర జన కేంద్ర సంఘం చిన్న చిన్న పుస్తకాలు వేసింది. వాటిలో ఒకటి వర్తక స్వాతంత్ర్యం మీద, ఒకటి వెట్టిచాకిరి మీద. అప్పట్లో ఊళ్ళోకి అధికారి వచ్చాడంటే కోమటి కొట్లోంచి సామాను వాళ్ళు చెప్పిన ధరకి, లేకపోతే ఊరికే, పోవాల్సిందే. చాకలి, మంగలి, మాదిగ, మాల, అందరూ కూలి లేకుండా చాకిరీ చెయ్యాల్సిందే. విచిత్రం ఏమిటంటే, దీన్ని వద్దంటూ సర్కారు ఇచ్చిన హుకుంలు కాయితం మీద ఉన్నాయి! ఎవరికీ తెలీదు, అంతే. సంఘంవాళ్ళు ఆ హుకుంల సంగతి తెలుగులో అచ్చేసి పంచారు. అంటే కొట్టు మీద కూచున్న సేటు చేతిలో ఒక చిన్న పుస్తకం పడింది. అందులో తన హక్కు రాసి ఉంది. పక్క కొట్టాయనకి ఇచ్చాడు. “ఇది సదువు, మనకు పనికొస్తది.” చెప్పండి, ఇంతకన్నా పనికొచ్చే పుస్తక సిఫార్సు మీరెప్పుడైనా చేశారా? నేనైతే చెయ్యలేదు. పేట అంటేనే వ్యాపారం చేసుకునే ఊరు. మొదటి మహాసభ ఒక పేటలో జరగడంలో నాకైతే ఆశ్చర్యం కనబడదు.

1926 మే 10న ప్రతాపరెడ్డి గారి గోలకొండ పత్రిక వచ్చింది. పత్రిక తెప్పించుకునేవాడు ఊళ్ళో ఒకడుంటే చాలు, ఆ ఒక్కడు చదువుతుంటే పదిమంది వినేవాళ్ళు. ఇప్పుడు మనం ఒక్కొక్కరం ఒక్కో తెరకి అతుక్కుని చదువుతాం. అప్పుడు చదవడం అంటే బయటికి చదవడం. ఎవరో ఒకరు ఆపి “మళ్ళొక్కసారి చెప్పు” అంటారు. అక్కడ చర్చ మొదలవుతుంది. గ్రంథాలయం అంటే సభ కాదు కదా, దానికి అధ్యక్షుడూ తీర్మానమూ అక్కర్లేదు. అయినా అధికారులకి అనుమానమే. పుస్తకాలు పెట్టుకున్న గది మీద సర్కారుకి ఎందుకు అంత కన్ను అని మొదట్లో నాకు వింతగా ఉండేది. ఇప్పుడు ఆ అధికారులకే బాగా అర్థమైందేమో అనిపిస్తోంది.

ఇట్లా ముప్పయ్యేళ్ళు నడిచాక వచ్చింది జోగిపేట సభ. అప్పటిదాకా ఉన్న ఆంధ్ర జన కేంద్ర సంఘమే ఇక్కడితో ఆంధ్ర మహాసభ అయింది. చదువు తల్లిభాషలో చెప్పాలని, ఆడపిల్లల చదువు గురించి, బాల్యవివాహాల గురించి మాట్లాడుకున్నారు. రాజకీయం అన్న మాట ఎత్తితే అనుమతి పోతుంది, కాబట్టి జాగ్రత్తగా అడుగేశారు. ఈ సంస్థే తరవాత పదిహేనేళ్ళలో, 1944 భువనగిరి సభ నాటికి రెండుగా చీలిపోయి, సాయుధ పోరాటం దాకా వెళ్ళింది. జోగిపేటలో కూచున్న పెద్దమనుషులు అంత దూరం ఊహించి ఉండరు.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే కథ తియ్యగా ఉంటుంది. కానీ ఒక చిక్కుంది, అది మన ఐటీవాళ్ళకి త్వరగా అర్థమవుతుంది.

మన ఫీల్డులో సిఫార్సు యంత్రాలు ఎలా పనిచేస్తాయో తెలిసిందే. ఇది కొన్నవాళ్ళు అదీ కొన్నారు, కాబట్టి నువ్వూ కొను. అమెజాన్ ఇంజనీర్లు ఈ పద్ధతి మీద 2003లో పేపరు రాశారు, నెట్‌ఫ్లిక్స్ వాడు 2006లో పందెం పెట్టి 2009లో పది లక్షల డాలర్లు ఇచ్చాడు. ఇందులో పాత జబ్బు ‘కోల్డ్ స్టార్ట్’. ఎవరి గురించైతే డేటా లేదో, వాళ్ళు ఆ యంత్రానికి లేనట్టే లెక్క. మనుషుల మధ్య సిఫార్సుకీ అదే జబ్బు! నాకు తెలిసినవాడు నాకు తెలిసినవాడికి చెబుతాడు. ఆ గొలుసు ఇంట్లోంచి, కులంలోంచి, వీధిలోంచి బయటికి రావడం కష్టం. భాషానిలయాలు పెట్టినవాళ్ళు ఎవరు? వకీళ్ళు, జమీందార్లు, దివాన్లు, దొరలు, పంతుళ్ళు. అందరూ మగవాళ్ళే.

జోగిపేటలో ఈ చిక్కు బయటపడింది కూడా. మహాసభతో పాటే ఆంధ్ర మహిళాసభ జరిగింది, అధ్యక్షురాలు నడింపల్లి సుందరమ్మ. 1930లో మా ఊళ్ళో ఆడవాళ్ళు విడిగా ఒక సభ జరుపుకున్నారంటే నాకు ఇప్పటికీ గర్వమే, కానీ ‘విడిగా’ అన్న మాట గమనించాలి. ఆ సభకే ఆది హిందూ నాయకుడు భాగ్యరెడ్డి వర్మ వచ్చారు, అంటరానివాళ్ళ సమస్య గురించి మాట్లాడారు. అది గిట్టని సనాతనులు అక్కడే ఉన్నారు. తెలుగువాళ్ళందరం ఒకటి అని చెప్పుకోవడానికి వచ్చినవాళ్ళకే, పక్కన కూచోవడానికి ఎవరు పనికొస్తారో తేలలేదు.

పోనీ, డేటా లేనిచోట ఏం చెయ్యాలో ప్రతాపరెడ్డి గారు చూపించారు. తెలంగాణలో కవులు పూజ్యం అని ఒక పండితుడు రాస్తే, ఈయన దానికి ఎదురుగా వ్యాసం రాసి ఊరుకోలేదు. ఊరూరి నుంచీ పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చేశారు. లెక్కలోకి రాని మనుషుల లెక్క తీయడం అన్నమాట. ఇలాంటి పని చేసిన మనిషే తరవాత ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాశాడంటే సహజంగానే ఉంది. రాజుల సంగతి పక్కనపెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏం ఆటలాడారు అని వెతికిన పుస్తకం. సాహిత్య అకాడమీ తెలుగుకి ఇచ్చిన మొదటి బహుమతి 1955లో దానికే వచ్చింది, అప్పటికి ఆయన పోయి రెండేళ్ళు.

కానీ ఆ గొలుసుని నిజంగా తెంపి బయటికి లాగినవాడు నా దృష్టిలో వట్టికోట ఆళ్వారుస్వామి. 1915లో నల్గొండ జిల్లాలో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. చదువు కోసం ఒకరింట్లో వంటపని చేశాడు. బెజవాడలో హోటల్ సర్వరుగా చేశాడు. గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దాడు. అంటే పుస్తకం దగ్గరికి ముందు గుమ్మంలోంచి కాదు, వంటింటి వైపు నుంచి వచ్చినవాడు. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి ముప్పైకి పైగా పుస్తకాలు వేశాడు. వేసి గోడౌన్లో పెట్టుకోలేదు. సంచీలో పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్మాడు. ఎవరికి ఏ పుస్తకం ఇవ్వాలో ఎదురుగా నిలబడి మాట్లాడి తేల్చుకునేవాడు కాబోలు. అదే కాలంలో మా పాత మెదక్ జిల్లా వెల్దుర్తి నుంచి వెళ్ళిన మాణిక్యరావు గారు, కె.సి. గుప్త గారు కలిసి అణా గ్రంథమాల నడిపారు. పుస్తకం వెల అణా, అంటే రూపాయిలో పదహారో వంతు. ‘చదవండి’ అని చెప్పేవాడు, కొనగలిగే ధర గురించి కూడా ఆలోచించాలని వీళ్ళకి తెలుసు. మనం మూడొందల యాభై రూపాయల పుస్తకం తేలిగ్గా చెప్పేసి వెళ్ళిపోతాం.

1948లో నిజామాబాదు జైలు. ఆళ్వారుస్వామి, దాశరథి కృష్ణమాచార్య ఒకే చోట ఖైదీలు. కాయితం, కలం ఇవ్వరు. దాశరథి పళ్ళు తోముకోవడానికిచ్చిన బొగ్గుతో గోడ మీద పద్యాలు రాసేవాడు. జైలువాళ్ళు తుడిచేసేవాళ్ళు. ఈలోపు ఆళ్వారుస్వామి వాటిని కంఠతా పట్టేసేవాడు. ప్రింటు లేదు, కాపీ లేదు, ఉన్నది ఒక్క పాఠకుడు. 1949లో ‘అగ్నిధార’ వచ్చినప్పుడు దాశరథి దాన్ని ఆళ్వారుస్వామికే అంకితమిచ్చాడు. ఇంకెవరికివ్వాలి?

ఇక ఇప్పటి సంగతి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ఆ డబ్బు వసూలైనంత వేగంగా గ్రంథాలయ సంస్థలకి చేరదు, ఈ గోల ఏళ్ళ తరబడి పేపర్లలో చూస్తూనే ఉన్నాం. చిన్న ఊళ్ళ శాఖా గ్రంథాలయాలకి వెళితే ఉద్యోగ పరీక్షలకి తయారయ్యే పిల్లలతో కళకళలాడుతుంటాయి. వాళ్ళ చేతుల్లో ఉన్నవి గైడ్లు. ఎగతాళి చెయ్యకండి దయచేసి, ఆ కుర్చీ దొరకడమే వాళ్ళకి పెద్ద అవకాశం. పైగా, జోగిపేట సభ తేదీ వాళ్ళకే తెలుసు!

మా ఆఫీసులో ఒక అయిదుగురం ఉన్నాం, భోజనాల దగ్గర పుస్తకాల గురించి మాట్లాడుకుంటాం. ఏడాది తిరిగేసరికి మా అందరి అరల్లోనూ అవే పుస్తకాలు. అయిదుగురం ఇంజనీరింగే, ఇంచుమించు ఒకే రకం ఇళ్ళ నుంచి వచ్చాం, ఒకరు చెప్పింది ఇంకొకరికి నచ్చక ఏమవుతుంది? ఈ చరిత్రంతా చదివాక నాకు బుద్ధిపుట్టి, పటాన్‌చెరులో ఫార్మా కంపెనీలో షిఫ్టు కెమిస్టుగా చేసే నా చిన్నప్పటి స్నేహితుణ్ణి ఒక ఆదివారం పిలిచాను. వాడు నైట్ షిఫ్ట్ బస్సులో చదువుతాడు.

“మీరు చెప్పేటియన్నీ ఎట్ల బాగుపడాల్నో చెప్పే బుక్కులేనా అన్నా?” అన్నాడు మావాడొకడితో, మొహమాటం లేకుండా. సంచీలోంచి జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ తీసి టేబుల్ మీద పెట్టాడు. అట్ట నలిగి, మధ్య పేజీల మీద టీ మరకలు. దానికన్నా ముందు వాడు చదివింది ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ అట. మా అయిదుగురిలో నలుగురు ఆ రెండు పేర్లూ వినలేదు. నేను విన్నాను, చదవలేదు.

ఆ వేళ వాదన బాగా జరిగింది. మావాళ్ళలో ఒకాయన కులం గురించి రాసిన నవల చదివితే మనసు పాడవుతుందన్నాడు. మావాడు నవ్వి, “సదివినంక చెప్పుండ్రి, పాడైందో లేదో” అని పుస్తకం ఆయన చేతిలోనే పెట్టిపోయాడు. మూడు వారాలైంది, ఆయన ఇంకా తిరిగివ్వలేదు. సగం దాటానని మొన్న చెప్పాడు.

బదులుగా నేను మాడపాటి వారి పుస్తకం ఇచ్చాను. అది ఇప్పుడు పటాన్‌చెరులో ఉంది. మావాడి తరవాత వాళ్ళ షిఫ్టులోనే ఇంకొకాయన అడిగాడట, ఆయనది దేవరకొండ వైపు. 1931లో రెండో మహాసభ జరిగింది అక్కడే, బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన. “మా ఊరి ముచ్చట ఎన్నో పేజీల ఉన్నది?” అని అడుగుతున్నాడట. పేజీ నంబరు చెప్పొద్దురా, వెతుక్కోనివ్వు, జోగిపేట దాటాకే వస్తుంది అని చెప్పాను :)